అత్తగారు నాటిన గుట్ట

మా అత్తగారు ఆ వేసవిలో మా ఇంటికి వచ్చింది నా భార్యనీ కూతుర్నీ తనతో తీసుకెళ్ళిపోవడానికి. ఆ సంగతి ఆవిడ దాచలేదు. బస్సు దిగి, సంచి నా చేతికిచ్చి, చంకలో ఉన్న మొక్క కుండీని మాత్రం ఇవ్వకుండా, "అల్లుడుగారూ, మీరేదో తప్పు చేశారని కాదు. ఇక్కడి గాలే మంచిది కాదు. పిల్లని కొన్నేళ్ళు నా దగ్గర పెంచుకుంటాను. దాంతోపాటు తల్లి కూడా ఉండాలి కదా" అంది.

నేను సంచి భుజాన వేసుకుని ఇంటి వైపు నడిచాను.

నేను రాళ్ళ క్వారీలో కాటా గుమాస్తాని. కంకర లారీలు వచ్చేటప్పుడు ఖాళీగానూ వెళ్ళేటప్పుడు నిండుగానూ కాటా ఎక్కుతాయి. రెండు బరువులూ చూసి చీటీ రాయడం నా పని. కాటా మనిషి పిలిస్తే పలికేంత దూరంలో ఉండాలని కంపెనీ నియమం. అందుకని క్రషర్‌కి కాస్త అవతల రేకుల ఇళ్ళు ఎనిమిది ఒకే వరసలో కట్టి, నాలుగోది మాకిచ్చారు. ఇళ్ళ వెనకే గుట్ట. అది ముందునుంచీ ఉన్న గుట్ట కాదు. రాయి నలగ్గా మిగిలిన పొడిని ఏళ్ళ తరబడి తెచ్చి పోయగా పోయగా లేచింది. మూడంతస్తుల మేడంత ఎత్తు. గడ్డిపోచ ఉండేది కాదు. మధ్యాహ్నం గాలి లేచిందంటే దాని ఒళ్ళంతా పొగలా లేచి మా ఇళ్ళ మీద పడేది. తలుపులు బిగించినా అద్దం మీద, కంచాల మీద, నిద్రపోతున్న పిల్ల కనురెప్పల మీద తెల్లగా పేరుకునేది.

మా అమ్మాయికి అప్పుడు నాలుగేళ్ళు. గుండెల్లో పిల్లికూతలు. మిగతా పిల్లలు బొమ్మని పట్టుకు తిరిగినట్టు అది ఊపిరి మందు డబ్బాని పట్టుకు తిరిగేది. వేసవంతా దుమ్ము, వానాకాలమంతా బురద. అంతకుముందటి ఏడు పెద్ద వానకి గుట్ట జారి చివరి ఇంట్లోకి వచ్చింది. అది వెల్డరు ఇల్లు. వాళ్ళమ్మ నడుము దాకా బురదలో కూరుకుపోయింది. ఇనప తలుపు తెరుచుకోక, వెల్డరు తన తలుపుని తానే గ్యాస్‌తో కోసి తల్లిని బయటికి లాగాడు. ఆ రోజు నుంచి మా అమ్మాయి మబ్బు పడితే మంచం ఎక్కి కూర్చునేది.

నా భార్య ఇంట్లోనే కుట్టుమిషను మీద క్వారీ వాళ్ళకి దుమ్ము ముసుగులు కుట్టేది. ఎన్నిసార్లు చెప్పాలో అన్నిసార్లూ చెప్పింది, వేరే పని చూసుకోండి అని. నేను చూశాను. దొరకలేదు. మేమిద్దరం ఆ రోజుల్లో తగువు పడడం కూడా మానేశాం. తగువుకైనా ఎక్కడో కాస్త ఆశ ఉండాలి కదా. ఆమె తల్లికి ఫోన్ చేసింది. బట్టలు పెట్టెలో సర్దింది. అత్తగారు వచ్చింది. అంతే.

ఆవిడ ఇరవై రెండేళ్ళు నగరంలో ఒక అద్దాల మేడలో మొక్కలు చూసుకునే పని చేసింది. అన్నీ కుండీల మొక్కలే. పని మానేసేటప్పుడు వాళ్ళు గోడగడియారం ఇవ్వబోతే, అది వద్దు, మెట్ల దగ్గరున్న జేడ్ మొక్క ఇవ్వండని అడిగి తెచ్చుకుంది. ఎర్రటి కాడలు, చొక్కా గుండీలంత దళసరి ఆకులు, నున్నగా, ఇప్పుడే నూనె రాసినట్టు. దాన్ని ఒక్కదాన్నే ఇంట్లో వదిలి రాలేక బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. దారిలో ఎవరి మోచెయ్యో తగిలి ఒక కొమ్మ విరిగింది. ఆ కొమ్మని కూడా రుమాల్లో చుట్టి తెచ్చింది.

"ఏనుగులు దీన్ని తింటాయి, తెలుసా?" అంది మనవరాలితో ఆ సాయంత్రం. "దీని పుట్టిల్లు ఆఫ్రికాలో దక్షిణాన చిట్టచివర. అక్కడ ఇలా కుండీల్లో కాదు, అడవి మాదిరి ఉంటుందట. ఏనుగు విరుచుకు తింటుంటే నోట్లోంచి జారిన ముక్క పడ్డచోటే వేరేస్తుందట."

"నీకెవరు చెప్పారు అమ్మమ్మా?"

"కుండీకి చీటీ అంటించారు. రోజూ దుమ్ము తుడుస్తూ చదివేదాన్ని."

పిల్ల నోరు తెరుచుకుని వింది. దాని దగ్గర ఒక ప్లాస్టిక్ ఏనుగుండేది. మర్నాడు ఆ విరిగిన కొమ్మని ముక్కలు చేసి, ఇంటి వెనక గుట్ట మొదట్లో గుచ్చి, ఏనుగుని మధ్యలో నిలబెట్టింది. పళ్ళు తోముకుని పుక్కిలించిన నీళ్ళు రోజూ ఆ అడవిలోనే ఊసేది.

వచ్చిన మూడో రోజు బయల్దేరదామనుకున్నారు. దానికి ముందు రాత్రే పిల్లకి ఆయాసం ఎక్కువైంది. డాక్టరు చూసి, పది రోజులు ప్రయాణం వద్దన్నాడు. పది రోజులు అయ్యేసరికి ఇంకోసారి వచ్చింది. మళ్ళీ పది రోజులు. పెట్టె మంచం కింద సర్దిపెట్టినట్టే ఉంది. అందులోంచి రోజుకో జత తీసి, ఉతికి, మళ్ళీ అందులోనే పెట్టేది నా భార్య.

మూడు వారాలు దాటాక ఒక ఉదయం నేను డ్యూటీకి వెళ్తూ చూస్తే, అత్తగారు ఇంటి వెనక గొంతుక్కూర్చుని ఉంది. ఏనుగు పక్కన ముక్కలు పదో పన్నెండో. ఎండకి కాస్త ముడతలు పడ్డాయిగానీ ఆకుపచ్చగానే ఉన్నాయి. ఆవిడ ఒకదాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, పిల్లల పాలపన్ను కదులుతోందో లేదో చూసినట్టు మెల్లగా లాగింది. రాలేదు. ఇంకోసారి లాగింది.

"పట్టుకుంది" అంది. నాతో కాదు.

గోటితో చుట్టూ పొడి తవ్వి ఆ ముక్కని అరచేతిలోకి తీసుకుంది. "ఇలా రండి అల్లుడుగారూ."

వంగి చూశాను. అడుగున దారప్పోగులకన్నా సన్నగా, తెల్లగా, పదిహేను ఇరవై వేళ్ళు. ఒక్కో వేరునీ పట్టుకుని రాతిపొడి, బెల్లం ముక్కని చీమలు పట్టినట్టు. ఆవిడ చెయ్యి ఊపింది. పొడి రాలలేదు. ఎనిమిదేళ్ళుగా ఆ పొడి నా ఒంటి మీద, నా కంచంలో, నా కూతురి గుండెల్లో తిరుగుతోంది. ఒక్క చోట నిలబడగా నేనెప్పుడూ చూడలేదు.

ఆవిడ దాన్ని మళ్ళీ పాతి, లేచి, గుట్టని కింది నుంచి పైదాకా చూసింది. "మీ లారీలు కంకర ఎక్కడ దించుతాయి?" అంది.

"ఎక్కువగా నగరంలోనే అత్తయ్యా."

"వచ్చేటప్పుడు?"

"ఖాళీగా."

"మా ఆఫీసుల్లో ఈ జేడ్ కుండీలు వరసగా పేర్చి నడుమెత్తు గోడల్లా పెంచుతారు. నెలకోసారి కత్తిరిస్తారు. ఆ కొమ్మలన్నీ సంచుల్లో కుక్కి చెత్తలో పారేస్తారు" అంది. ఇంక నేను అడగాల్సిందేం లేదు.

నాలుగు రోజుల తర్వాత మొదటి లారీ గోనెసంచులు తెచ్చింది. ఆవిడతో పనిచేసిన తోటమాలులు ఒకరికొకరు చెప్పుకున్నారు. ఒక మేడ నుంచి రెండు సంచులు, ఇంకో మేడ నుంచి అయిదు. లారీ డ్రైవర్లు మొదట సణిగారు. ఒకడు ఆకు నమిలి చూసి, "పుల్లగా బాగుందే" అన్నాక సణుగుడు తగ్గింది. దారిలో తినడానికి పనికొస్తుందని.

నా భార్య తల్లి ఎదురుగా నిలబడి అడిగింది. "అమ్మా, నువ్వు నన్ను తీసుకెళ్ళడానికి వచ్చావా, గుట్టకి మొక్కలు పెట్టడానికి వచ్చావా?"

"నిన్ను తీసుకెళ్ళడానికే."

"మరి ఇదేంటి?"

"డాక్టరు కదలొద్దన్నాడుగా. చేతులు ఊరికే పెట్టుక్కూర్చోలేను" అంది ఆవిడ, సంచి మూతి విప్పుతూ.

నా భార్య లోపలికెళ్ళి మిషను తొక్కడం మొదలుపెట్టింది. ఆ చప్పుడులోనే తెలిసింది కోపం ఎంతుందో.

కొమ్మలు తెచ్చిన రోజే నాటకూడదట. నీడలో పరిచి నాలుగు రోజులు ఆరనివ్వాలి. "కోసిన చోట గాయం మానాలి. పచ్చిగాయంతో పాతితే కుళ్ళిపోతుంది" అనేది. మా వరండా అంతా కొమ్మలు. నడవడానికి దారి లేదు. వెల్డరు వాళ్ళమ్మ, అందరికీ పెద్దమ్మ, తనంతట తానే వచ్చి కూర్చుని కింది ఆకులు దూయడం మొదలుపెట్టింది. ఆమెని ఎవరూ రమ్మనలేదు. మర్నాడు వెల్డరు గునపంతో వచ్చాడు. అతన్నీ ఎవరూ రమ్మనలేదు.

వరసలు కింది నుంచి పైకి కాదు, అడ్డంగా వేయాలి, ఒక్క బెత్తెడు కూడా వంకర ఉండకూడదు అంది ఆవిడ. వంకర ఉంటే నీళ్ళన్నీ పల్లపు మూలకి పరుగెత్తి వరసని చీల్చేస్తాయి. దానికి తాపీవాళ్ళు వాడే నీళ్ళ గొట్టం తెచ్చాం. పారదర్శకంగా ఉండే పొడుగాటి గొట్టం. ఒక కొన వెల్డరు పట్టుకుంటే ఇంకో కొన నేను. రెండు కొనల్లో నీళ్ళు ఒకే మట్టానికి వచ్చిన చోట గుర్తు. సాయంత్రం అయిదుకి క్రషర్ ఆగేది. దుమ్ము కాస్త అణిగాక పైకెక్కేవాళ్ళం, చీకటి పడేదాకా. ఒక్కో వరసకీ జానెడు గాడి తవ్వి, కంకర ముక్కలు పరిచి, గోనెపట్టా చింపి వేసి, అడుగు దూరానికో కొమ్మ. నీళ్ళు మాత్రం వారం దాకా పోయనిచ్చేది కాదు. "దాహం వేస్తేనే వేరు వెతుక్కుంటూ వెళ్తుంది" అనేది.

డ్రిల్లింగు చేసే అతను రోజూ కింద నిలబడి చూసి నవ్వేవాడు. "ఏమ్మా, గుట్టకి సవరం కడుతున్నారా?"

"సవరం కాదు నాయనా, సొంత జుట్టే మొలిపిస్తున్నా. నీక్కూడా కావాలంటే ఆ టోపీ తీసి వరసలో కూర్చో" అంది ఆవిడ పైనుంచి.

అతనిది నున్నటి బట్టతల. పెద్దమ్మ నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకుంది. మూడో రోజుకి అతను కూడా తట్ట మోస్తున్నాడు, టోపీ మాత్రం తీయకుండా.

మేనేజరు నన్ను పిలిచాడు. ఎదురుగా కాటా చీటీలు.

"ఏమయ్యా, ఖాళీ లారీలు వారం నుంచి నలభై యాభై కిలోలు ఎక్కువ తూగుతున్నాయి. ఖాళీకి కూడా బరువుంటుందా?"

"మొక్కలు సార్. మా అత్తగారివి."

"మీ అత్తగారికి పెరడు కావాలంటే పెరడు చేసుకోమను. కంపెనీ గుట్ట ఎక్కడమేంటి? ఎవరైనా జారి పడితే?"

ఆయన స్వయంగా వచ్చాడు చూడ్డానికి. బూట్లు కూరుకుపోతుంటే మూడో వరస దాకా ఎక్కి ఆయాసపడ్డాడు. అత్తగారు ఆయన్ని కూర్చోమని బోర్లించిన తట్ట చూపించింది. నమస్కారాలూ అవీ ఏం లేవు. ఒక కొమ్మ పీకి వేళ్ళు చూపించి, ఆకు తుంచి చేతిలో పెట్టింది. "నమలండి. దాహం తగ్గుతుంది."

ఆయన నమిలాడు. కాసేపు కింద రేకుల ఇళ్ళ కప్పుల వంక చూశాడు. వెల్డరు ఇంటి తలుపు మీద అతుకు వేసిన గీత పైనుంచి కూడా కనిపిస్తుంది.

"వానకి ఇదంతా కొట్టుకుపోతే నన్నడగొద్దు" అన్నాడు లేస్తూ. వద్దని మాత్రం అనలేదు.

నాలుగు వేల కొమ్మలు దాటాయి. నలభై ఒక్క వరసలు. కింది వరసలు అప్పటికే కొత్త ఆకు తొడిగాయి. పొద్దున్నే పని మీద వెళ్తూ వెనక్కి తిరిగి చూస్తే, బూడిదరంగు గుట్ట మీద సన్నటి పచ్చ గీతలు, రూళ్ళ కాగితంలా. నేను దాన్ని చూడ్డానికే కాస్త ముందు బయల్దేరేవాణ్ణి. నా భార్యతో చెబుదామనుకునేవాణ్ణి. చెప్పలేదు. ఆమె ఆ వైపు కిటికీ తెరవడం మానేసింది.

క్వారీలో వారానికోసారి మిట్టమధ్యాహ్నం సైరన్ మోగించి రాయి పేలుస్తారు. ఆ వారం పెద్ద ఆర్డరేదో వచ్చి రెండింతలు మందు పెట్టారు. కాటా గదిలో నా కుర్చీ కదిలింది. అద్దాలు గలగలమన్నాయి. తర్వాత ఇళ్ళ వైపు నుంచి బస్తా కుమ్మరించినట్టు ఒక మెత్తని చప్పుడు. పరుగెత్తాను.

గుట్ట భుజం ఒకటి జారింది. ఇళ్ళ దాకా రాలేదుగానీ, మధ్యలో పదకొండు వరసలు కనబడకుండా పోయాయి. తట్టలు, పార, నీళ్ళ గొట్టం, అన్నీ కిందే. అదృష్టం, అప్పుడు పైన ఎవరూ లేరు.

అత్తగారు మొదటి వరస దగ్గర కూలబడి ఉంది. ఆవిడ అంత ముసలిగా ఉందని నాకు ఆ రోజే తెలిసింది.

"కుండీల మనిషిని నేను" అంది. "గుట్టల సంగతి నాకేం తెలుసని... పిల్లదానికి నెలన్నర దుమ్ము తినిపించాను." కూతురు గుమ్మంలో నిలబడి ఉండడం చూసింది. "రేపు పొద్దున్న బస్సుకి వెళ్ళిపోదామే. పొద్దున్నే."

నా భార్య తల్లి వంకా గుట్ట వంకా చూసి లోపలికెళ్ళింది. మంచం కింద నుంచి పెట్టె లాగిన చప్పుడైంది. సరే, అయిపోయింది అనుకున్నాను. గుమ్మం దగ్గరే నిలబడిపోయాను.

ఆమె బయటికి వచ్చింది. తలకి తువ్వాలు, మూతికి తను కుట్టిన ముసుగు, చేతిలో పెట్టె. పెట్టె ఖాళీ. మూత వేలాడుతోంది. లోపల మంచం మీద బట్టలు కుప్పగా ఉన్నాయి.

"తట్టలన్నీ కిందే ఉండిపోయాయిగా" అంది నా వంక చూడకుండా. "కొమ్మలు దేంట్లో వేస్తారు?"

పైకెక్కింది. జారిన పొడిలో చేతులు పెట్టి తవ్వింది. మేమెవ్వరం కదల్లేదు. కాసేపటికి ఒక కొమ్మ పైకి తీసి, వేళ్ళు దులిపి చూసింది. పొడి రాలలేదు. ఆమె దాన్ని ఎండకి ఎత్తి అలా చూస్తూనే ఉంది. నేను ఆ ఉదయం ఎలా చూశానో అలా.

"అమ్మా, బతికే ఉన్నాయే! లే, ఊరికే కూర్చుంటే ఎలా?" అని కేకేసింది.

అత్తగారు ముక్కు చీదుకుని లేచింది. ఆ సాయంత్రం వరస ఇళ్ళవాళ్ళందరూ పైనే ఉన్నారు. ఆ పెట్టె నెలాఖరు దాకా కొమ్మలు మోసింది. దాని తాళం ఊడిపోయింది. తర్వాత అది మళ్ళీ మంచం కిందకి వెళ్ళలేదు.

తూర్పు వైపు, ఇళ్ళ వరస దాటాక జనరేటరు షెడ్డు వెనక భాగం మిగిలిపోయింది. అక్కడికి కొమ్మలు చాలలేదు. మబ్బులు వచ్చేశాయి.

మొదటి పెద్ద వాన మధ్యాహ్నం మూడింటికి పట్టింది. అలాంటి వాన నేను అంతకుముందు ఒక్కసారే చూశాను, వెల్డరు తలుపు కోసిన రోజు. కాటా గది కిటికీలోంచి ఎదురుగా ఉన్న లారీ కనిపించడం లేదు. చీటీ పుస్తకం మూసి, తాళం కూడా వేయకుండా పరుగెత్తాను.

ఇంటి వెనక అందరూ వరసగా నిలబడి ఉన్నారు. తడుస్తున్నారు. పిల్ల అమ్మమ్మ మెడ పట్టుకుని వేలాడుతోంది. నేను తలెత్తి చూశాను.

నీళ్ళు వస్తున్నాయి. గుట్ట నెత్తి నుంచి, బూడిదరంగులో, చిక్కగా, వరదలా దిగుతున్నాయి. పై వరసకి తగలగానే ఆగాయి. ఆగడమంటే ఆగిపోవడం కాదు, తడబడ్డాయి. ఆ చిన్న చిన్న కాడల మధ్య నుంచి దారులు వెతుక్కుని, కాస్త పలచబడి రెండో వరసకి దిగాయి. అక్కడ ఇంకాస్త. మూడు, నాలుగు, పది. ఒక్కో వరస వెనకా పొడి పేరుకుని, మా కళ్ళముందే గుట్ట మెట్లు కట్టుకుంటోంది. నలభై ఒక్క మెట్లు. మెట్టు మెట్టుకీ ఒక అంగుళం జలపాతం. ఆకులు దెబ్బకి వంగుతున్నాయి, లేస్తున్నాయి. ఒక వరస మధ్యలో తెగింది. కింది వరస ఆ దెబ్బ కాసుకుంది. నా జన్మలో ఏ గుడికెళ్ళినా అంత భయంగా, అంత భక్తిగా నిలబడలేదు నేను.

మా కాళ్ళ దగ్గరికి వచ్చేసరికి అది నీళ్ళు. బురద కాదు. వంగి చూస్తే పాదాలు కనిపిస్తున్నాయి, గోళ్ళతో సహా.

తూర్పు వైపు నుంచి పెద్ద చప్పుడైంది. మొక్కలు లేని చోట గుట్ట మొత్తం ఒక్కసారి జారి జనరేటరు షెడ్డుని కిటికీల దాకా ముంచేసింది. రేకుగోడ కాగితంలా మడతపడింది. లోపల ఎవరూ లేరు. మేం ఆ షెడ్డుని చూశాం, మా ఇళ్ళని చూశాం. పెద్దమ్మ మెల్లగా నడుచుకుంటూ వెళ్ళి, చివర తన ఇంటి గుమ్మం ముందు నీళ్ళలో చెయ్యి పెట్టి చూసుకుంది. అక్కడే గట్టు మీద కూర్చుండిపోయింది, వానలో.

"అమ్మమ్మా, దించు" అంది మా అమ్మాయి. దిగి, ఆ నీళ్ళలో గెంతడం మొదలుపెట్టింది. మబ్బు పడితే మంచం ఎక్కే పిల్ల. నా భార్య దాన్ని ఆపబోయింది, ఆగింది. నా చెయ్యి పట్టుకుంది. ఎన్నాళ్ళయిందో అలా పట్టుకుని.

వాన తగ్గాక మేనేజరు గొడుగేసుకుని వచ్చాడు. షెడ్డు దగ్గర కాసేపు, మా ఇళ్ళ దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. గొడుగు మూసి చంకలో పెట్టుకున్నాడు.

"అమ్మా, తూర్పు వైపుకి ఎన్ని కావాలి?" అని అడిగాడు.

"ఇంకో రెండు వేలు. గాయం మానడానికి నాలుగు రోజులు" అంది అత్తగారు.

"లారీ నేనే పంపిస్తాను."

వానలు వెనకబట్టాక ఆవిడ బయల్దేరింది, ఒక్కతే. కుండీని మాత్రం వదిలేసింది. కుండీ కాదు, అందులో మొక్కని. దాన్ని ఏడో వరసలో పాతేసి ఖాళీ కుండీ చంకలో పెట్టుకుంది. బస్టాండులో నేను ఏదో అనాలని నోరు తెరిస్తే, "మీరేం అనకండి అల్లుడుగారూ. మా అమ్మాయి మిమ్మల్ని తిడుతోందిగా మళ్ళీ? అది చాలు నాకు" అని నవ్వి బస్సెక్కింది. నిజమే. ఆ పొద్దున్న కూడా తిట్టింది, తువ్వాలు తడిగా మంచం మీద పడేశానని.

గుట్ట నుంచి దుమ్ము ఒక్కసారిగా పోలేదు. ఏడాదికి సగమైంది. రెండో ఏటికి మొక్కలు మోకాలెత్తు లేచి ఒకదాన్నొకటి అల్లుకున్నాయి. గాలి లేస్తే ఆకులు కదిలేవి, పొడి కదిలేది కాదు. పిల్లకి పిల్లికూతలు పూర్తిగా పోయాయని అబద్ధం చెప్పను. చలికాలంలో వస్తూనే ఉండేవి. కానీ ఒక మందు డబ్బా వాడకుండానే గడువు దాటిపోయింది. నా భార్య దాన్ని పారెయ్యకుండా మిషను సొరుగులో దాచింది.

మూడో ఏడు ఎండలు ముదరకముందు, వాన చుక్క పడి చాలా నెలలైంది. మొక్కలన్నీ కాస్త ముడుచుకున్నాయి. ఒక ఉదయం నా భార్య పై వరసల వైపు చూపించింది. పచ్చదనం మీద ఏదో గులాబీరంగు, బూజు పట్టినట్టు. రెండ్రోజుల్లో సగం గుట్టకి పాకింది. మాకు ప్రాణాలు పోయాయి. తల్లికి ఫోన్ చేసింది. "అమ్మా, మొక్కలకేదో తెగులు పట్టిందే."

ఆవిడ ఆ మధ్యాహ్నం బస్సుకే వచ్చేసింది, సంచిలో మందు సీసా, పిచికారీ డబ్బాతో. టీ కూడా తాగలేదు. నేరుగా పైకెక్కింది. వెనక మేం ముగ్గురం. పైకెళ్తున్న కొద్దీ ఏదో చప్పుడు, సన్నగా, తెగకుండా. తేనెటీగలు. ఆ గుట్ట మీద తేనెటీగని నేనెప్పుడూ చూడలేదు.

ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని, కళ్ళద్దాలు తుడిచి పెట్టుకుని, ఒక కొమ్మని ముఖం దగ్గరికి లాక్కుంది.

"ఏ తెగులమ్మా?" అంది నా భార్య.

"తెగులు కాదే" అంది. "పూలు."

పిచికారీ డబ్బా పక్కన పెట్టింది. "ఇరవై రెండేళ్ళు ఆకు ఆకూ తుడిచాను దీన్ని. ఏసీలో, నీడలో, వేళకి నీళ్ళు పోసి. ఇది పూస్తుందని నాకు తెలీనే తెలీదు." కొమ్మని వదలకుండా మనవరాల్ని పిలిచింది. "నాకు సరిగా ఆనట్లేదు. ఎన్ని రేకులో చూసి చెప్పవే."

పిల్ల పక్కన కూర్చుని వేలు పెట్టి లెక్కపెట్టింది. బియ్యపు గింజంత నక్షత్రాలు, కొమ్మ నిండా గుత్తులు గుత్తులుగా.

"అయిదు అమ్మమ్మా. దీనికీ అయిదే. దీనికీ అయిదే."

"అన్నీ చూశావా?"

పిల్ల తలెత్తి పైకి చూసింది, కిందికి చూసింది, మళ్ళీ అమ్మమ్మ వంక చూసింది.

"అన్నీ ఎలా చూస్తాను అమ్మమ్మా?" అంది. "గుట్టంతా ఉన్నాయి."